ఈల పట్టేవాళ్ళు కావాలి

జంషెడ్‌పూర్ పక్కన, ఆదిత్యపూర్ దాటితే గమ్హరియా. కార్ఖానాల ఊరు. ఈ చుట్టుపక్కల ఫుట్‌బాల్ అంటే ప్రాణం. టాటా ఫుట్‌బాల్ అకాడమీ 1987లో జంషెడ్‌పూర్‌లోనే పుట్టింది. 2017లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లోకి వచ్చిన జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ సొంతగడ్డా ఇదే. ఆడే పిల్లలకు కొదవ లేదు. మరి ఆడించేవాళ్ళో? పిల్లల మ్యాచ్‌లకు స్వచ్ఛందంగా ఈల పట్టే రెఫరీలు కావాలి.

ఆటకు నియమాలు 17. పిల్లల మ్యాచ్‌లో రెఫరీ పని మాత్రం ఈల వేయకముందే మొదలవుతుంది. చేతికి కడియం, చెవికి పోగు, మెడలో గొలుసు... నాలుగో నియమం ప్రకారం అన్నీ తీయాల్సిందే. పైన టేపు చుట్టినా చెల్లదు. పిల్లాడు ఏడవకుండా కడియం తీయించడంలోనే ఉంది అసలు నేర్పు!

ఇక ఆఫ్‌సైడ్. బంతి అందుకున్నప్పుడు కాదు, తోటి ఆటగాడు తన్నిన క్షణంలో ఎవరెక్కడున్నారో చూడాలి. త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్ కిక్ నేరుగా అందుకుంటే అసలు ఆఫ్‌సైడే లేదు. గట్టు మీద కేకలు వేసే నాన్నలు ఈ ముక్క గుర్తుంచుకుంటే రెఫరీకి సగం తలనొప్పి తగ్గుతుంది.

ఈల పట్టడం నామోషీ అనుకుంటున్నారా? హైదరాబాదీ సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ భారత ఫుట్‌బాల్ జట్టు సభ్యుడు. తర్వాత ఈల పట్టి ఫిఫా రెఫరీ అయ్యారు, 1988 ఆసియా కప్‌లో మ్యాచ్‌లు నడిపించారు. ఒలింపియన్‌కు లేని నామోషీ మనకెందుకు?

ఈ రెఫరీ పని స్వచ్ఛంద సేవ కాబట్టి డబ్బు ఆశించకూడదు, పరుగు మాత్రం పుష్కలం. ఆసక్తి ఉన్న శ్రోతలు దగ్గరి మైదానంలోని కోచ్‌ను కలవండి. ముందు గీత పక్కన జెండా పట్టండి.