ఒకే మాట, మూడు దారులు



ఒకప్పుడు వ్యవసాయ కార్యక్రమం వినాలంటే సాయంత్రం పూట రేడియో దగ్గర చేరేవారు. ఇప్పుడు అదే కార్యక్రమాన్ని ఒకే వేళకు రేడియోలోను, టెలివిజన్‌లోను, సెల్‌ఫోనులోను అందించే వీలున్నది. "మాట ఒకటే గదండీ, ఇన్ని చోట్ల చెప్పడం దండగ కాదా?" అని మీలో కొందరు అడుగుతూ ఉంటారు. దండగ కాదు. ఎందుకో మనవి చేస్తాను.

తుఫాను సంగతే తీసికొందాం. వాతావరణ శాఖవారు తీరానికి ప్రమాదం ఉన్నదని కనీసం 48 గంటల ముందు ఒకసారి, 24 గంటల ముందు మరొకసారి హెచ్చరిక ఇస్తారు. వరి కోతకు వచ్చిన రైతుకు ఆ రెండు రోజులే ప్రాణం. కోసిన పనలు కుప్ప వేసుకోవాలా, కోయకుండా ఆగాలా అన్నది అప్పుడే తేల్చుకోవాలి. ఆ కబురు ఒక్క దారినే నమ్ముకుంటే ఏమవుతుంది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. కరెంటు లేని టెలివిజన్ గోడకు అలంకారమే గదా! బ్యాటరీ సెల్లులు వేసిన చిన్న రేడియోకు కరెంటుతో పని లేదు. ఏదో ఒక స్టేషను పలుకుతున్నంతవరకు అది వినిపిస్తుంది. అట్లాగని రేడియో ఒక్కటే చాలునని కాదు. మడిలో ఉన్న మనిషి జేబులో ఉండేది ఫోనే. ఆకు మీది మచ్చ ఎట్లా ఉంటుందో కంటికి చూపగలిగేది టెలివిజన్, ఫోను మాత్రమే.

ఇక తోటి విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. మూడు దారులకూ కలిపి ప్రసంగం రాయడం తేలిక కాదు. పడిపోయిన వరి వెన్నుల్లో గింజ మొలకెత్తకుండా, వాన తెరిపి ఇచ్చాక, చేలో నీరు తీసివేసి 5 శాతం ఉప్పు ద్రావణం చల్లమని చెబుతాం. టెలివిజన్‌లో ఉప్పు తూచి చూపించి, "ఇదిగో, ఇంత" అంటే సరిపోతుంది. రేడియో వినేవారికి ఆ "ఇంత" ఎంతో తెలిసేదెట్లా? "అయిదు శాతం" అన్నా అందరి లెక్కకూ అందదు. "లీటరు నీటికి 50 గ్రాములు, పది లీటర్ల ట్యాంకుకు అర కిలో, మనం కూరలో వేసుకొనే ఉప్పే" అని రెండుసార్లు చెప్పాలి. చెవికి అందేట్లు రాస్తే కంటికీ అందుతుంది. కంటికోసమే రాస్తే చెవికి అందదు. మోతాదు ఎక్కడైనా తప్పు పడితే సవరణ కూడా మూడు చోట్లా ఒకే వేళకు వెళ్లాలి. ఒకచోట దిద్ది మరొకచోట వదిలితే, పక్కపక్క గట్ల మీది రైతులు చెరొక లెక్కన మందు కొడతారు.

ఇంకొకటి. 1956లో పూనా చుట్టుపక్కల 150 గ్రామాల్లో రేడియో శ్రోతల బృందాలు ఏర్పరచి, కార్యక్రమం విన్నాక అందరూ కూర్చుని చర్చించే పద్ధతి పెట్టారు. ఇప్పుడు ఎవరి ఫోను వారిదై ఆ కూర్చోవడం తగ్గింది. అరుగు మీద నలుగురూ కలిసి వినేటప్పుడు రేడియో, ఫోను రెండూ పెట్టకండి. ఫోనులో మాట కొంచెం ఆలస్యంగా వస్తుంది, రెండు గొంతులు కలిసి ఏదీ తెలియదు. ఒకరు మోతాదులు కాగితం మీద రాసుకోండి. అనుమానం మిగిలితే చల్లకముందే 1800-180-1551కు ఫోను చేసి అడగండి. అది కిసాన్ కాల్ సెంటర్, డబ్బు పడదు, తెలుగులోనే జవాబు చెబుతారు. తుఫాను రోజులు రాకముందే రేడియోలో సెల్లులు మార్చి పెట్టుకోండి.

సెలవు.