కండ్లజోడు చీటీ
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము చాల చిన్నది; ముక్కుమీద నిలుచునంతటిది. అదియే కండ్లజోడు. కంటి జబ్బులను గూర్చియు, శస్త్రచికిత్సలను గూర్చియు వైద్యులు మీకు చెప్పుదురు. అది నా పని కాదు. పేదవానికి కండ్లజోడు చేర్చుటకై ప్రభుత్వము వ్రాసికొనిన నిబంధన యెట్లుండవలెను, దానిని ఎప్పటికప్పుడు సవరించుకొననిచో ఏమగును అనునదే నా ప్రసంగము. ఇందులకు బ్రిటను దేశపు ఉదాహరణము తీసికొనుచున్నాను. ఆ దేశము చేసినదంతయు మేలని నా భావము కాదు. డెబ్బదియైదు ఏండ్లకు పైగా ఈ ఒక్క విషయమున వారు నిబంధనలు వ్రాయుచు, కొట్టివేయుచు, మరల వ్రాయుచు వచ్చిరి. ఇతరులు నడచిన త్రోవలో ముండ్లెక్కడ నున్నవో తెలిసికొని నడచుట మనకు సులువు.

ముందుగా ఈ చిన్న వస్తువు వలన ఒనగూడు లాభమెంతయో చూతము. నలువది ఏండ్లు దాటినవారికి చత్వారము వచ్చుట వింత కాదు. కంటిలోని కటకము బిరుసెక్కి, దగ్గరి వస్తువుపై చూపు నిలువదు. సూదిలో దారము ఎక్కదు. బియ్యములో రాళ్ళు కనబడవు. పురుగుమందు డబ్బాపైని అక్షరము, విత్తనపు సంచిపైని తేది చదువ వీలుపడదు. మగ్గముపై పోగు తెగినచో అతుకుటకు మనుమని కేక వేయవలసి వచ్చును. ఊరిలో దీనిని వయసు మీదపడుటగా నెంచి ఊరకుందురు.

అస్సాములోని తేయాకు తోటలలో నలువది ఏండ్లు పైబడిన 751 మంది కూలీలపై జరిపిన ఒక పరిశీలన 2018లో ప్రకటింపబడినది. సగము మందికి దగ్గరిచూపు అద్దములు వెంటనే ఇచ్చిరి. తక్కిన సగము మందికి పరిశీలన ముగిసిన పిదప ఇచ్చిరి. అద్దములు ముందుగా పొందినవారు రోజుకు కోయు ఆకు, రెండవ జట్టుతో పోల్చిచూడగా, ఐదు కిలోలకు పైగా అదనముగా పెరిగెను. శాతములలో చెప్పవలెనన్న 21.7, ఏబది ఏండ్లు దాటినవారిలో 31.6. బంగ్లాదేశములోని పల్లెలలో జరిగి 2024లో వెలువడిన మరియొక పరిశీలనయందు, అద్దములు పొందినవారి ఆదాయము పొందనివారి ఆదాయముకంటె మూడవవంతు మించినది. కూలి పెంచక, యంత్రము తేక, రెండు గాజు బిళ్ళలతో సాధించిన ఫలితమిది. కావున కండ్లజోడును దానముగా గాక, పలుగు పారలవంటి పనిముట్టుగా చూడవలెనని నా మనవి.

ఇక బ్రిటను సంగతి. అక్కడ జాతీయ ఆరోగ్య సేవ 1948 జూలై 5వ తేదీన ఆరంభమైనది. దానిని నెలకొల్పిన మంత్రి అన్యూరిన్ బీవన్. అంతకు పూర్వము అక్కడి బీదవారు చిల్లర సామానుల దుకాణమునకు పోయి, బల్లపై పరచిన కండ్లజోళ్ళను ఒకటొకటిగా పెట్టుకొని చూచి, అక్షరము కనబడినదానిని కొనుక్కొని పోయెడివారు. మన సంతలలో నేటికిని కనబడు దృశ్యమే యిది. ఆరోగ్య సేవ వచ్చినంతనే పరీక్షయు, జోడును అందరికిని ఉచితమైనవి. అంతట జనము విరగబడిరి. అధికారులు వేసిన అంచనాలు తలక్రిందులై, జోడు చేతికి అందుటకు నెలల తరబడి వేచియుండవలసి వచ్చెను. అది ప్రజల దురాశ యని కొందరు పత్రికలవారు వ్రాసిరట! తరతరములుగా చూపులేక గడిపినవారు ఒక్కమారు తలుపు తెరచిన పిదప గుంపుగా వచ్చుట దురాశ యెట్లగును?

1951లో ఆర్థిక మంత్రి హ్యూ గెయిట్‌స్కెల్ కండ్లజోళ్ళపైని, కట్టుడు పండ్లపైని కొంత రుసుము విధింపగా, అప్పటికి కార్మిక మంత్రిగా నున్న బీవన్ తన పదవికి రాజీనామా ఇచ్చెను. తరువాతి కాలమున ప్రధానమంత్రి యైన హెరాల్డ్ విల్సన్ కూడ ఆయనతో వెడలిపోయెను. రుసుము మాత్రము నిలిచినది.

ఆ దినములలో ప్రభుత్వము ఇచ్చు చట్రములు కొలది రకములే. వానిని చూచినంతనే ఇవి సర్కారు జోళ్ళని పసిపిల్లలును గుర్తుపట్టి వెక్కిరించెడివారు. పేదరికము ముఖముపైననే వ్రాసిపెట్టినట్లయ్యెను. 1986 జూలై నుండి ఈ పద్ధతి మార్చి, వస్తువునకు బదులు చీటీ ఇయ్యసాగిరి.

చీటీ పద్ధతి ఎట్లనగా: కంటిపరీక్ష చేసినవాడు ఏ కంటికి ఎంత బలముగల అద్దము కావలెనో వ్రాసి ఇచ్చును. ఆ వ్రాత ఇచ్చి తీరవలెనని అక్కడి చట్టము. అర్హులైనవారికి దానితోపాటు ఒక చీటీ కూడ ఇచ్చును. చీటీలకు ఏ మొదలు జే వరకు పది ఆంగ్ల అక్షరములు గుర్తులు. సాధారణమైన ఒంటిచూపు అద్దమునకు ఏ. బలము హెచ్చినకొలది తరువాతి అక్షరములు. రెండుచూపుల అద్దములకు వేరు అక్షరములు. ఆసుపత్రి ద్వారా పొందువారికి కడపటివి. ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క వెల కట్టబడియుండును. ఆ చీటీని పట్టుకొని పరీక్ష చేసిన అంగడికే పోనక్కరలేదు. తనకు నచ్చిన ఏ అంగడికైనను పోవచ్చును. జోడు వెల చీటీ వెలకంటె హెచ్చైనచో తేడా తాను కట్టుకొనవలెను. తక్కువైనచో చిల్లర తిరిగి రాదు.

ఇందులో నాకు మిక్కిలి నచ్చినది పరీక్షను, అమ్మకమును విడదీయుట. పరీక్షించువాడే అమ్మువాడైనచోట, అవసరము లేని కంటికిని అద్దము పుట్టును. మన మండల కేంద్రములలో “ఉచిత పరీక్ష” అను పలక వ్రేలాడు అంగళ్ళలో వ్రాసిన కాగితము అడిగి చూడుడు. ఎందరు ఇత్తురో తెలియగలదు.

ఎవరు అర్హులు? ఇంగ్లండులో ఇచ్చట రెండు జాబితాలు కలవు. వానిని కలగాపులగము చేయరాదు. పరీక్ష ఉచితముగా పొందువారి జాబితా పెద్దది: పదునారేండ్లలోపు పిల్లలు, పూర్తికాలము చదువుకొనుచున్న పదునెనిమిదేండ్ల వరకు గలవారు, అరువది దాటినవారు, చక్కెర వ్యాధి గలవారు, నీటికాసులు గలవారు, తలిదండ్రులకుగాని తోబుట్టువులకుగాని బిడ్డలకుగాని నీటికాసులు ఉన్నచో నలువది దాటినవారు, అల్పాదాయ సహాయము పొందువారు మున్నగువారు. చీటీ పొందువారి జాబితా చిన్నది: పిల్లలు, చదువరులు, అల్పాదాయము గలవారు, మిక్కిలి బలమైన అద్దములు కావలసినవారు. అరువది దాటిన ముదుసలికి పరీక్ష ఉచితమే. జోడు మాత్రము ఆదాయమును బట్టి. స్కాట్లండు వారు 2006 ఏప్రిలు నుండి పరీక్షను అందరికిని ఉచితము గావించిరి. ఇంగ్లండులో 1989లో చాలమందికి ఉచిత పరీక్ష తీసివేసి, అరువది దాటినవారికి 1999లో మరల ఇచ్చిరి. ఆ పది సంవత్సరములలో రుసుమునకు జంకి పరీక్షకు పోక, నీటికాసులు ముదురబెట్టుకొనినవారి లెక్క ఏ పద్దులో వ్రాయబడునో! నీటికాసుల వలన పోయిన చూపు మరల రాదు గదా.

పిల్లవాని జోడు విరిగినచో బాగుచేయించుటకు, లేదా క్రొత్తది ఇచ్చుటకు కూడ నిబంధనలో చోటున్నది. పెద్దవారికి మాత్రము జబ్బు కారణముగా విరిగిననో, పోయిననో తప్ప ఆ సదుపాయము లేదు. పిల్లలు జోళ్ళు విరుగగొట్టుదురని తెలిసి వ్రాసిన నిబంధన యిది.

ఇక అసలు విషయమునకు వత్తును. నిబంధన వ్రాయుట ఒక యెత్తు, దానిని తాజాగా ఉంచుట మరియొక యెత్తు. ఫలానా సహాయము పొందువానికి చీటీ ఇయ్యవలెనని నిబంధనలో ఉన్నదనుకొనుడు. కొన్నాళ్ళకు ఆ సహాయము రద్దై, దాని స్థానమున వేరు పేరుతో వేరొకటి వచ్చును. బీదవాడు అట్లే యున్నాడు. అతని కన్నును అట్లే యున్నది. కాని నిబంధనలోని పేరు అతనికి వర్తింపదు. బ్రిటనులో 2013 మొదలు పెక్కు సహాయములను కలిపి యూనివర్సల్ క్రెడిట్ అను ఒకే సహాయముగా చేయసాగిరి. దానిని కొంత సంపాదన గలవారును పొందుదురు. కావున చీటీ నిబంధనను సవరించి, నెలసరి సంపాదన 435 పౌండ్లకు మించనివారికి, ఇంట బిడ్డలకై ఇచ్చు భాగముగాని, పనిచేయలేని స్థితికై ఇచ్చు భాగముగాని గలవారైనచో 935 పౌండ్లకు మించనివారికి వర్తించునట్లు వ్రాసిరి. టాక్స్ క్రెడిట్ అను పాత రాయితీ 2025 ఏప్రిలు 5తో ముగిసినది. దానిని ఆధారము చేసికొనిన నిబంధనలన్నిటిని మరల వెదకి దిద్దవలసి వచ్చును. కార్యాలయముల పేర్లును ఇట్లే. 2013 మార్చి 31తో అక్కడి స్థానిక ఆరోగ్య సంస్థలు రద్దుకాగా, ఏప్రిలు 1 నుండి బాధ్యత జాతీయ సంస్థకు మారెను. 2023 ఏప్రిలు నుండి అది ప్రాంతీయ మండలులకు అప్పగింపబడెను. మారిన ప్రతిసారియు సొమ్ము ఎవరు చెల్లింతురో నిబంధన చెప్పనిచో, కళ్ళద్దాల అంగడివాడు చీటీని తిప్పి పంపును.

సంపాదన హద్దును అంకెగా వ్రాయుటలో ఒక చిక్కు కలదు. ధరలు పెరిగి, వానితో కూలి పెరిగినంతనే బీదవాడు బీదవాడుగనే యుండి హద్దు దాటిపోవును. చీటీ వెలయు అట్టిదే. ఇంగ్లండులో మొదటి తరగతి చీటీ వెల 2019లో 39 పౌండ్ల 10 పెన్నీలు, 2021లోను అంతే. బజారు ధర మాత్రము నిబంధనకై వేచియుండదు. కాగితముపై హక్కు తరుగదు. చేతిలో దాని విలువ తరుగును. వెలను ఏటేట చూచి దిద్దవలెనను వాక్యము లేని ఏ పథకమునైనను నేను సగము పథకమందును.

వారి పద్ధతిలో నాకు గిట్టనిదియు ఒకటి కలదు. అర్హత లేకయే పత్రమున గుర్తు పెట్టినచో నూరు పౌండ్ల వరకు జరిమానా. మోసగాండ్రను పట్టుట న్యాయమే. కాని సహాయముల పేర్లు మాటిమాటికి మారుచుండగా, ఏ గడిలో గుర్తు పెట్టవలెనో తెలియని ముదుసలిని మోసగానితో జమకట్టుట సరికాదు.

మన వైపు చూతము. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమము 1976లో ఆరంభమైనది. తెలంగాణములో కంటి వెలుగు 2018 ఆగస్టు 15న మెదకు జిల్లా మల్కాపూరులో ప్రారంభమై, రెండవ విడత 2023 జనవరిలో ఖమ్మములో మొదలై జరిగినది. ఆంధ్రప్రదేశములో ఆ పేరుతోనే ఒక కార్యక్రమము 2019 అక్టోబరు 10న అనంతపురములో ప్రారంభింపబడి, ముందుగా బడిపిల్లలను చేపట్టినది. తెలంగాణ శిబిరములలో దగ్గరిచూపు అద్దములను అక్కడికక్కడే ఇచ్చిరి. కొలత ప్రకారము చేయవలసినవానిని పిదప పంపిరి. కోటికి మించిన జనమును ఊరూర పరీక్షించుట సామాన్యమైన పని కాదు. అయినను శిబిరము ఒక తిరునాళ్ళవంటిది, వచ్చును, పోవును. చత్వారము శిబిరమునకై ఆగదు. 2023లో ముప్పదియెనిమిదేండ్ల వయసున్న దర్జీకి శిబిరము వెళ్ళిన పిదపనే అద్దము కావలసి వచ్చును. చీటీ పద్ధతిలోని బలమిది: అది తేదికి కాక, కంటికి కట్టుబడియుండును.

పేర్ల చిక్కు మనకును లేకపోలేదు. మనము తెల్లకార్డని వ్యవహరించునది ఆంధ్రప్రదేశములో బియ్యపు కార్డుగను, తెలంగాణములో ఆహారభద్రత కార్డుగను మారినది. పాత పేరుతో అచ్చైన పత్రమును పట్టుకొని కౌంటరువద్ద నిలిచిన అవ్వను వెనుకకు పంపిన సందర్భము మీలో పలువురు ఎరుగుదురు.

చట్టములు చేయు అధికారము మనకు లేదు. కాని గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘము మీ చేతిలోనిదే. కంటి సంరక్షణ నేడు ఊరి ఆరోగ్య కేంద్రము చూడవలసిన సేవలలో ఒకటి. ఆ సంఘము తన పుస్తకములో ఒక పుట కండ్లకై కేటాయింపవచ్చును. పరీక్ష జరిగిన తేది, కొలత, జోడు అందినదా లేదా, మరల ఎప్పుడు చూపించుకొనవలెను, ఈ నాలుగు గడులు చాలును. బ్రిటనులో సాధారణముగా పెద్దవారికి రెండేండ్లకొకసారి, పిల్లలకును డెబ్బది దాటినవారికిని ఏటేట పరీక్షను నిబంధన అనుమతించును. అదే లెక్క మనకును ఆరంభమునకు చాలును. కొలత కాగితమును ఇంటివారికి ఇప్పించుడు, ప్రతిని కేంద్రములో ఉంచుడు. జోడు పోయినచో మరల పరీక్ష లేకయే చేయించుకొనవచ్చును. ఇంటింటికి పోవు ఆశా కార్యకర్తలను ముఖ్యముగా ఆడువారిని అడుగుమనుడు. మగవాడు పేపరు చదువలేకున్న అద్దము కొనును, ఆమె బియ్యమేరలేకున్న కోడలిని పిలిచి ఊరకుండును.

బడిని మరువకుడు. పిల్లలకు జోళ్ళిచ్చిన దినమున ఛాయాచిత్రము తీయుదురు; ఆరు నెలల పిదప ఎవరును చూడరు. వచ్చే సమావేశమునకు ప్రధానోపాధ్యాయుని పిలిచి, జోడు పొందిన పిల్లలలో నేడు ఎందరు దానిని పెట్టుకొని బడికి వచ్చుచున్నారు, ఎందరివి విరిగినవి, ఎందరు వెక్కిరింతకు జడిసి సంచిలో దాచుకొనుచున్నారు అని పేరు పేరున అడుగుడు. విరిగినవాని జాబితా వ్రాసి, సంఘము తీర్మానముతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి అందజేసి, ప్రతిపై తేదీ ముద్ర వేయించికొనుడు.