పార్కిన్సన్ వ్యాధి - నడక, నిలకడ



పెద్దవయసు మనిషి అడుగు తీసి అడుగు వేయడానికి ఇబ్బంది పడుతుంటే కాళ్లలో సత్తువ తగ్గిందనుకుంటాం. మోకాళ్ల నొప్పులనో, నీరసమనో సర్దిచెప్పుకుంటాం. పార్కిన్సన్ వ్యాధిలో సంగతి వేరు. కాళ్లలో బలం చాలావరకు ఉంటుంది; ఇబ్బంది మెదడులో మొదలవుతుంది. ఈ తేడా తెలియక ఇంట్లోవాళ్లు "కావాలనే మొండికేస్తున్నారు" అని విసుక్కుంటారు, చెయ్యి పట్టి ముందుకు లాగుతారు. ఆ లాగడంతోనే పడి తుంటి ఎముక విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును ఒక చిన్న పుస్తకంలో వర్ణించాడు. అందులో ఉన్నది ఆరుగురి వృత్తాంతం. వారిలో కొందరు ఆయనకు వీధిలో కనిపించినవారే. వణుకుతో పాటు ఒళ్లు ముందుకు వంగడం, నడక తమ ప్రమేయం లేకుండానే పరుగులోకి మారడం ఆయన అప్పుడే గమనించాడు. మనం మాత్రం దీన్ని వణుకుడు జబ్బుగానే గుర్తుపెట్టుకున్నాం. నిజానికి కొందరు రోగుల్లో వణుకు ఉండనే ఉండదు.

ఇంతకీ మెదడులో ఏం జరుగుతుంది? సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట ఉండే కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసి, బేసల్ గాంగ్లియా అనే భాగానికి అందిస్తాయి. ఈ వ్యాధిలో ఆ కణాలు క్రమంగా నశిస్తాయి. మనం కూరల సంచీ మోస్తూ, పక్కవారితో మాట్లాడుతూ నడిచిపోతాం. అడుగు ఎంత వేయాలి, చెయ్యి ఎంత ఊపాలి అని ఆలోచించం. అలవాటైన పనిని అలా దానంతటదే సాగించే ఏర్పాటులో బేసల్ గాంగ్లియాది ముఖ్యపాత్ర. డోపమైన్ తగ్గితే అడుగు చిన్నదవుతుంది, చేతి ఊపు పోతుంది, పాదం నేలను రాసుకుంటూ పోతుంది. ప్రతి అడుగూ ఆలోచించి వేయాల్సి వస్తుంది. అందుకే నడుస్తుండగా పలకరిస్తే కొందరు ఆగిపోతారు.

గడప దగ్గర, ఇరుకు చోట, వెనక్కి తిరిగేటప్పుడు పాదాలు నేలకు అంటుకుపోయినట్లవుతాయి. దీన్నే ఫ్రీజింగ్ అంటారు. ఒళ్లు ముందుకు సాగుతుంది, కాళ్లు రావు.

ఇక్కడొక వింత ఉంది. చదును నేలమీద ఆగిపోయిన మనిషే మెట్లు చక్కగా ఎక్కగలడు. నాలుగడుగులు వేయలేని ఒక రోగి సైకిలు సులువుగా తొక్కడాన్ని నెదర్లాండ్స్ వైద్యులు 2010లో ప్రకటించారు. నేలమీద అడ్డగీతలు గీస్తే వాటిని దాటుకుంటూ నడవగలుగుతారని బ్రిటన్ వైద్యుడు పర్డన్ మార్టిన్ 1967లోనే రాశాడు. కంటికి ఒక గురి, చెవికి ఒక తాళం దొరికితే మెదడు మరో దారిలో అడుగు వేయిస్తుందన్నమాట. ఖరీదైన పరికరాలకన్నా ముందు ఈ సంగతి మన ఇళ్లకు చేరాలని నా అభిప్రాయం.

రోగి ఆగిపోతే లాగకండి, తొందరపెట్టకండి. ముందు పూర్తిగా ఆగమనండి. నిటారుగా నిలబడి, బరువును ఒక కాలి నుంచి మరో కాలిమీదికి మార్చి, "ఒకటి, రెండు" లెక్కతో పెద్ద అడుగు వేయమనండి. తరచూ ఆగే చోట నేలమీద అడుగు దూరానికొకటి చొప్పున రంగు టేపు అంటించవచ్చు. గిర్రున తిరగకుండా, నాలుగైదు అడుగులతో అరవృత్తంగా తిరగడం నేర్పాలి. వదులు చెప్పులు, జారే పట్టాలు, కాళ్లకు అడ్డుపడే పంచె వద్దు.

నిలకడ సంగతి మరింత చిక్కు. మనల్ని ఎవరైనా వెనక్కి లాగితే ఒకటి రెండడుగులు వేసి నిలదొక్కుకుంటాం. వ్యాధి ముదిరినవారిలో ఆ స్పందన రాదు. వైద్యులు రోగి వెనక నిలబడి భుజాలు లాగి చూసేది దీనికే. ఇంట్లో మీరు ప్రయత్నించకండి. లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవడం వల్ల కూడా కొందరు తూలుతారు. దాన్ని విడిగా పరీక్షించాలి.

లెవోడోపా మందు కండరాల బిగుతును, నెమ్మదితనాన్ని బాగా తగ్గిస్తుంది. నిలకడమీద దాని ప్రభావం తక్కువ. దూలగొండి గింజల నుంచి ఈ పదార్థాన్ని మద్రాసు శాస్త్రవేత్తలు 1937లోనే వేరుచేశారు. అలాగని ఆ గింజల పొడిని సొంతంగా వాడకండి. ఒక్కో గింజలో మందు ఒక్కో మోతాదులో ఉంటుంది. కనుక మందుతో పాటు నడక, నిలకడల వ్యాయామం ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో సాగాలి. పడతామన్న భయంతో కుర్చీకే పరిమితమైతే ఉన్న బలమూ పోతుంది.

మాత్ర వేసుకున్న ఎంతసేపటికి నడక బాగుంది, ఎక్కడ ఆగింది, ఎటువైపు పడ్డారు అన్నది నోటుపుస్తకంలో రాసి న్యూరాలజిస్టుకు చూపించండి. వీలైతే ఇంట్లో నడకను సెల్‌ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్లండి. ఆసుపత్రి వరండా వెడల్పుగా ఉంటుంది, డాక్టరు చూస్తున్నారని రోగి శ్రద్ధగా నడుస్తాడు. గడప దగ్గర ఆగే కాళ్లు అక్కడ ఆగకపోవచ్చు.