నలుగురితో నడక

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



ఏటేట ఈ వేదికపై మేము పరీక్షాఫలితములను గూర్చి ముచ్చటించుట పరిపాటి. అవి నివేదికలో చదువబడినవి గనుక నేడు మా శరీరమును గూర్చి నాలుగు మాటలు చెప్పుకొందుము. రెండేండ్ల క్రిందట మమ్ము చూచినవారికి నవ్వు వచ్చుట సహజమే.

అప్పుడు మా బరువు 92 కిలోలు. మేడమీది తరగతికి ఎక్కిన పిమ్మట నోట మాట రాక, పిల్లలను పుస్తకము తీయుడని సైగచేసి, ఊపిరి కుదుటపడువరకు కిటికీవైపు చూచుచుండెడివారము. రక్తములో చక్కెర మితిమీరినదని, నడువవలెనని వైద్యులు చెప్పిరి. నాలుగు దినములు ఒంటరిగా నడచితిమి. ఐదవనాడు వాన వచ్చినది. ఆరవనాడు వాన రాలేదు గాని మేమును లేవలేదు.

పిమ్మట మా లెక్కల మాస్టారు, వీధిలోని కిరాణా వర్తకులు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో గుమాస్తాగా నున్న ఒక విద్యార్థి తండ్రి మాతో చేరిరి. ఉదయము 5.15కు బడి వాకిట కలిసి వైప్పారు వంతెనవరకు పోయి వచ్చుట నియమము. నదిలో నీరు అరుదు. ఇసుకను చూచియే తృప్తిపడవలెను. ఆలస్యమైనచో “సార్, లేస్తిరా?” అని వీధిలోనుండి కేక వినవచ్చును. ఆ కేక మందుకన్న మేలు చేసినది. మన పెద్దలు ఉత్తరమునుండి ఈ నల్లరేగడికి కాలినడకన వచ్చిన కథను ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌గారు 1976లో ‘గోపల్ల గ్రామం’ అను తమిళ నవలగా వెలువరించిరి. వారును ఒంటరిగా రాలేదు గదా!

నడకవలని లాభము క్రొత్త సంగతి కాదు. 1953లోనే లండన్‌లో జెరమీ మోరిస్ అను వైద్యుడును ఆయన సహచరులును, దినమంతయు కూర్చుండు బస్సు డ్రైవర్లకంటె, మెట్లెక్కి దిగుచుండు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువయని ప్రకటించిరి. వారమునకు కనీసము 150 నిమిషముల శ్రమ వలయునని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది.

అయినను మొదటి నెలలో మా బరువు తగ్గలేదు. కారణము మన ఊరి కారసేవు! గంటసేపు నడచినచో మావంటి శరీరము సుమారు 300 కేలరీలు ఖర్చుచేయును. నూరు గ్రాముల సేవులో 500కు తక్కువ లేవు. తిరిగి వచ్చునప్పుడు టీతోకూడ ఒక పొట్లము విప్పుచుంటిమి. లెక్కల మాస్టారు లెక్కవేసి చూపగా, వర్తకులు తమ అంగడి సేవును మాకు అమ్ముట మానివేసిరి. వర్తకునివలన ఇంతకన్న త్యాగమేమి కోరగలము? 14 నెలలలో బరువు 81కి దిగినది.

ఇక మా తప్పు చెప్పవలెను. గుమాస్తాగారు మా అందరికన్న స్థూలకాయులు, వెనుకబడి నడచువారు. ఆయనకు ‘గూడ్సుబండి’ అని పేరు పెట్టినవారము మేమే. ఆయనయు నవ్వెడివారు. ఒక వారము రాలేదు. పని తొందర కాబోలు ననుకొంటిమి. పదియవ దినమున ఆరవ తరగతి చదువు ఆయన కుమారుడు, “మా నాయన రానంటాడు సార్, మీరంతా నవ్వుతారంట” అనెను. ఆ పిల్లవాని ముఖము చూడలేకపోతిమి.

ఆ సాయంకాలమే వారి ఇంటికి పోయి క్షమాపణ కోరితిమి. ఆయన వెంటనే ఒప్పుకొనలేదు. మూడవ దినమున వచ్చిరి. నాటినుండి ఆయన ముందు నడచును, మేము ఆయన వేగముననే వెనుక నడతుము. వేగము తగ్గినదని మాస్టారు గొణిగిరి. మాటలాడగలిగి, పాట పాడలేనంత ఆయాసమున్నచో చాలునని వైద్యులు చెప్పిన మీదట ఊరకుండిరి.

అటుపిమ్మట బడి ఆవరణలో మా చెవి మారినది. లావుపాటి పిల్లలను తోటివారు ‘గుండు’ అని పిలుచుట ఎన్నియో యేండ్లుగా వినుచునే దాటిపోతిమి. అట్టి పిల్లవాడు ఆటకు రాడు. ఆటకు రానందున మరింత లావగును. ఆ పేరు కొందరికి ఇంటిలోనే మొదలైనదని తెలిసినది. దయచేసి ఇంటిలో దానిని మానుడు. బడిలో మేము మాన్పించెదము.

మొన్న తై మాసమున నలుగురమును ఇరుక్కన్‌గుడి మారియమ్మ గుడివరకు, ఏడెనిమిది కిలోమీటర్లు, నడచితిమి. గుమాస్తాగారు ఎక్కడను కూర్చుండలేదు. మేమే రెండుమారులు కూర్చుంటిమి. తల్లులు కొందరు సాయంకాలము బడి మైదానమున నడుచుటకు ఆరంభించిరి. గేటు ఆరుగంటలవరకు తెరచియుండును. ఉదయము రాదలచినవారు 5.15కు బడి వాకిటికి రండు. చెప్పులు గట్టివి వేసికొనుడు, రేగడిమట్టి అంటుకొనును.