బడి దరఖాస్తులో ఆ ఒక్క గడి

(చెన్నై త్యాగరాయనగర్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను కవిని కాను, పండితుణ్ణి కాను. కోర్టులో వాదించి బతికే న్యాయవాదిని. కనుక తెలుగు తియ్యదనాన్ని వర్ణించే పని నాకంటె బాగా చేయగలవారికి విడిచిపెడతాను. మనం నివసిస్తున్న ఈ పేటను గురించి, ఇక్కడి బడులను గురించి, ఆ బడులలో మన బిడ్డలకున్న హక్కును గురించి నాలుగు మాటలు చెబుతాను.

మనం కూర్చున్న ఈ నేల ఒకప్పుడు చెరువు. 1923-25 నడుమ మాంబళం వైపున్న ఆ చెరువును పూడ్చి, వీథులు తీర్చి, మధ్య ఒక తోట వేసి చెన్నపట్నానికి కొత్త నివాసపేటను కట్టారు. పేటకు సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు, తోటకు పానగల్లు రాజావారి పేరు పెట్టారు. చెట్టిగారు తెలుగు మాట్లాడే దేవాంగుల ఇంట పుట్టినవారు. పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారు 1921 నుండి 1926 వరకు మద్రాసు రాజధానికి ప్రథమ మంత్రి. మనలో చాలామంది రోజూ ఆ తోట పక్కనుండే నడుస్తాము. ఆ పేర్లు మన పేర్లని పిల్లలకు చెప్పేవారు ఎందరు?

చెట్టిగారిని గురించి ఇంకొక్క మాట. ఆయన మద్రాసు కార్పొరేషను అధ్యక్షులుగా ఉన్న కాలంలోనే, 1920లో, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషను బడిలో పిల్లలకు మధ్యాహ్న ఫలాహారం పెట్టడానికి అనుమతి లభించింది. ఒక్కొక్క బిడ్డకు రోజుకు అణాకు మించరాదని నియమం. బీదపిల్లవాడు బడికి రాకపోవడానికి కారణం బుద్ధి లేకపోవడం కాదు, ఆకలి అని ఆయన కాలపువారు గ్రహించారు. బిడ్డకూ బడికీ నడుమ నిలిచిన అడ్డు ఏదో ముందు తెలుసుకోవాలి. ఈనాడు మన బిడ్డకు అడ్డు ఆకలి కాదు, భాష.

తెలుగువారు ఈ నగరంలో చదువుకోసం చేసింది తక్కువ కాదు. ఒంగోలు ప్రాంతంనుండి బీదబాలుడుగా వచ్చి వైద్యుడై ధనం గడించిన కె.ఎన్. కేసరిగారు మైలాపూరులో బడి పెట్టారు. దుర్గాబాయమ్మగారు 1937లో ఆంధ్ర మహిళాసభను స్థాపించి ఆడపిల్లలకు చదువు చెప్పించారు. తరువాత సినిమా వచ్చింది. వడపళనిలో స్టూడియోలు, మన పేటలో ఇళ్లు. బజుల్లా రోడ్డులో రామారావుగారు, ఉస్మాన్ రోడ్డులో ఘంటసాలవారు. పేరున్న ఒక్కొక్క ఇంటివెనుక పేరులేని వంద ఇళ్లుండేవి: వాద్యకారులు, దర్జీలు, వంటవారు, కారు నడిపేవారు. వారి పిల్లలే తెలుగు తరగతులను నింపారు.

నేను ఆ తరగతుల చివరి అంచున చదువుకొన్నవాణ్ణి. పదో తరగతి వరకు నా మొదటి భాష తెలుగు. అప్పటికే చిత్రపరిశ్రమ హైదరాబాదుకు తరలిపోతున్నది. ఇళ్లు పోయి దుకాణాలు లేచాయి. ఉన్నవారు ఇంగ్లీషు బడులవైపు తిరిగారు. తరగతిలో బల్లలు ఖాళీ అవుతుంటే మా తెలుగు మాస్టారు హాజరు పిలుస్తూ ఒక్కొక్కసారి ఆగిపోయేవారు.

ఆపైన 2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం వచ్చింది. అంతకుముందు తెలుగు బిడ్డ మొదటి భాగంలో తన భాషను చదువుకొనే వీలుండేది. ఈ చట్టం మొదటి భాగంలో తమిళాన్ని తప్పనిసరి చేసింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పెరుగుతూ 2015-16కు పదో తరగతిని చేరింది. మాతృభాష నాలుగో భాగంలోకి, అదీ ఐచ్ఛికంగా, జరిగింది. తమిళం రాయలేని పిల్లలు పరీక్షముందు కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. మినహాయింపులు ఏటికేడు వాయిదాలవలె దొరికాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఊరట కూడా ఒక్క ఏడాదికే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మనకు తమిళంతో తగవు లేదు. ఈ నేల మనకు అన్నం పెట్టింది. దాని భాష మన బిడ్డలు చక్కగా నేర్వాలి. ఇక్కడ బతికేవాడికి అది అవసరం, గౌరవం కూడా. మన అభ్యంతరమల్లా ఒక భాష నేర్చుకొన్నందుకు మరొక భాష మూల్యంగా చెల్లించవలసి రావడంమీదనే.

రాజ్యాంగం మనవైపు ఉన్నది. 29, 30 అధికరణాలు మన భాషను కాపాడుకొనే హక్కునూ, విద్యాసంస్థలు నెలకొల్పుకొనే హక్కునూ ఇచ్చాయి. 1956లో ఏడవ సవరణతో చేరిన 350-ఎ, ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి రాష్ట్రాలూ స్థానిక సంస్థలూ ప్రయత్నించాలని చెబుతున్నది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అల్పసంఖ్యాకులను రాష్ట్రం ప్రమాణంగానే లెక్కించాలని తేల్చింది. 2011 జనగణన ప్రకారం ఈ రాష్ట్రంలో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 5.87 శాతం, అంటే 42 లక్షల పైచిలుకు. ఇంతమందిమి ఉన్నాము. మరి తెలుగు పంతులు ఎందుకు లేడు?

దీనికి జవాబు నాకు నా కార్యాలయంలోనే దొరికింది. చీరల దుకాణంలో పనిచేసే ఒకాయన భార్య బిడ్డ కాగితాలు పట్టుకొని వచ్చింది. బడి దరఖాస్తు నకలులో మాతృభాష అన్న గడిలో 'తమిళం' అని ఉన్నది. "ఇంట్లో ఏం మాట్లాడతారమ్మా?" అని అడిగాను. "తెలుగే సార్. తెలుగని రాస్తే చెప్పే టీచరు లేరన్నారు. సీటు పోతుందేమోనని తమిళమని రాసిచ్చినాము" అన్నది. ఆ బిడ్డ ఆ క్షణంనుండి ప్రభుత్వ లెక్కలలో తెలుగుబిడ్డ కాదు. తెలుగుబిడ్డలు లేరు గనుక టీచరు లేదు. టీచరు లేదు గనుక తెలుగని రాయరు. ఈ గుండ్రటి దారిలో మనం తిరుగుతున్నాము.

ఆమెను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నా కుమార్తెను బడిలో చేర్చిననాడు నేనూ ఆ గడిని తెలుగని నింపి ఊరకున్నాను. తెలుగు చెబుతారా అని అడగలేదు. ఊరందరి హక్కులకు అర్జీలు రాసేవాణ్ణి, నా బిడ్డకోసం ఒక్క అర్జీ రాయలేదు. ఈనాడు ఆమె తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. మా అమ్మ రాసిపెట్టిన పాత ఉత్తరాలు చేతికిస్తే "నువ్వే చదివి చెప్పు నాన్నా" అన్నది. ఏ కోర్టులోనూ నేను అంత తలవంచుకోలేదు.

అందుకే మూడు పనులు కోరుతున్నాను.

మొదటిది, ఆ గడి. 2014 మే 6న కర్ణాటక భాషామాధ్యమ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఇంగ్లీషు మాధ్యమ బడుల పక్షాన వచ్చింది. మాతృభాషలో బోధనను ప్రభుత్వం బలవంతపెట్టజాలదన్నది. మనలో అనేకులు నొచ్చుకొన్నారు. కాని బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించవలసినది తల్లిదండ్రులేనని అదే తీర్పు చెప్పింది. గుమాస్తా కాదు, ప్రధానోపాధ్యాయుడూ కాదు, మీరు. కనుక తెలుగని రాయండి. తమిళం చదివినా తెలుగనే రాయండి.

రెండవది, లెక్క. 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది: ప్రాథమిక దశలో బడి మొత్తంమీద 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఉంటే వారి భాషలో బోధించడానికి ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలి. ఇది శాసనం కాదు, ప్రభుత్వాలు ఒప్పుకొన్న నియమం. అయినా అడగడానికి బలమైన ఆధారం. పదిమంది కావాలి. ఈ వరుసలో కూర్చున్నవారే అంతకంటె ఎక్కువ ఉన్నారు. విడివిడిగా అడిగితే బతిమాలుకోవడం, పదిమంది సంతకాలతో అడిగితే అర్జీ. ఎన్ని తెలుగు ఉపాధ్యాయ స్థానాలు మంజూరై ఉన్నాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో 2005 సమాచారహక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. జవాబు రాకపోతే 350-బి కింద ఏర్పడిన భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు రాయండి. ఆ నివేదికలు పార్లమెంటు ముందుకు వెళతాయి. మన ఫిర్యాదు వాటిలో లేకపోతే మనకు బాధ లేదనే అర్థం.

మూడవది, ఇల్లు. టీచరు వచ్చేదాకా బిడ్డ ఆగదు. ఆదివారం ఒక గంట, ఒక పలక, అయిదారుగురు పిల్లలు చాలు. ఏ ఇంటి వసారా అయినా బడే. నేను మా ఇంట్లో మొదలుపెట్టాను. మా అమ్మాయి గుణింతాలు దాటింది. అమ్మ ఉత్తరంలో మొదటి వాక్యం కూడబలుక్కొని చదివింది: 'చిరంజీవికి ఆశీస్సులు'.

ఈ సభనుండి వెళ్లేముందు తలుపు దగ్గర ఒక పుస్తకం పెట్టాము. బిడ్డ పేరు, తరగతి, మాతృభాష రాయండి. పదోపేరు పడిన తరగతికి అర్జీ నేను రాస్తాను, రుసుము లేకుండా. మొదటి పేరు మా అమ్మాయిది, ఇప్పటికే రాశాను.

సెలవు.