ఫస్టు క్లాసు వచ్చింది, పట్టా రాలేదు



నాకు ఎం.ఏ.లో ఫస్టు క్లాసు వచ్చిన రోజు మా నాన్న వీధంతా మిఠాయి పంచారు. ఆ సాయంత్రమే మా మేనత్త, "ఇంత చదివినదానికి ఇంకా ఎక్కువ చదివినవాణ్ణి తేవద్దూ? కట్నం ఎక్కణ్ణించి తెస్తావురా తమ్ముడూ?" అని నిలదీసింది. ఒక్కరోజులోనే నా మార్కులు ఇంటికి గౌరవమూ అయ్యాయి, భారమూ అయ్యాయి.

అది మన ఇళ్ళలోని వెనకబాటుతనమే అనుకునేదాన్ని, ఫిలిపా ఫాసెట్ గురించి చదివేదాకా.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో గణితం ఆనర్సులో మొదటి తరగతి వచ్చినవాళ్ళని రాంగ్లర్లు అంటారు. వాళ్ళలో ప్రథముడు సీనియర్ రాంగ్లర్. 1890లో ఫలితాలు చదువుతూ, ముందు మగవాళ్ళ జాబితా, తర్వాత ఆడవాళ్ళ జాబితా చదివారు. ఫిలిపా స్థానం "సీనియర్ రాంగ్లర్ కంటే పైన" అని ప్రకటించారు. అందరికన్నా ఎక్కువ మార్కులు ఆమెవే. కానీ ఆ బిరుదు ఆమెకి దక్కలేదు, డిగ్రీ కూడా ఇవ్వలేదు. కారణం, ఆమె స్త్రీ.

1897లో స్త్రీలకి డిగ్రీలివ్వాలన్న ప్రతిపాదనని ఓటింగులో ఓడించారు. ఆ రోజు సైకిలెక్కిన ఆడమనిషి బొమ్మని వీధిలో వేలాడదీశారు. రెండేళ్ళకి, 1899లో, మన దేశం నుంచి వెళ్ళిన ఆర్.పి. పరాంజపే సీనియర్ రాంగ్లర్ అయ్యారు. పాలితదేశపు పురుషుడికి తెరుచుకున్న తలుపు పాలకదేశపు స్త్రీకి తెరుచుకోలేదు. పితృస్వామ్యం ఎంత లోతుగా పాతుకుందో దీన్నిబట్టి చూడండి.

కేంబ్రిడ్జి స్త్రీలకి పూర్తి డిగ్రీలిచ్చింది 1948లో. ఆ ఏడాది జూన్‌లోనే ఫిలిపా చనిపోయింది.

ప్రతిభ నిరూపించుకుంటే హక్కులు వాటంతటవే వస్తాయని మనకి చెబుతుంటారు. ఫిలిపా అంతకన్నా ఏం నిరూపించాలి? స్త్రీల డిగ్రీ హక్కు ఒకరి మార్కులతో రాలేదు. దశాబ్దాలపాటు మళ్ళీ మళ్ళీ అడిగితే వచ్చింది.

పదో తరగతి ఫలితాలప్పుడు మన పత్రికలు "బాలికలదే పైచేయి" అని రాస్తాయి. ఆ మర్నాడు మనం ఆ ఇళ్ళకి వెళ్ళాలి. ఆ పిల్లని కాలేజీలో చేర్చారా? బస్సు ఉందా, హాస్టలుందా? సంబంధాలు చూస్తున్నారా? మార్కులు తెచ్చుకోవటం వరకూ ఆ పిల్ల చేసింది. మిగతాది మన పని.