ఏటా పుట్టే రథం

యువ ఇంజనీర్లు పట్టాలు అందుకున్న ఈ వేదిక మీద ఇంకొందరికీ చోటుండాల్సింది. వాళ్లది బస్తర్, ఊళ్లు బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్. ఏటా దసరాకు జగదల్‌పూర్ వచ్చి, బాడిసెలూ ఉలులూ పట్టి, రెండంతస్తుల చెక్క రథాన్ని నిలబెడతారు.

ఈ దసరాలో రావణుడు లేడు. ఊరేగేది దంతేశ్వరి అమ్మవారి ఛత్రం. తెలుగువాళ్లకు ఈ కథ పరాయిదేమీ కాదు: 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తర్ వచ్చి రాజ్యం కట్టాడంటారు. ఆ వంశంలోని పురుషోత్తమదేవుడు 15వ శతాబ్దిలో పూరీ వెళ్లి, రథపతి బిరుదూ పదహారు చక్రాల రథమూ పొందాడని బస్తర్‌లో చెప్పుకుంటారు. అంత బండిని ఈ దారుల్లో ఎవరు లాగుతారు? నాలుగు చక్రాలు జగన్నాథుడికి వెళ్లాయి. మిగతా పన్నెండు కూడా విడిపోయి, నాలుగు చక్రాలతో పూల రథం, ఎనిమిదింటితో విజయ రథం అయ్యాయి.

కొయ్య కట్టడాన్ని నిలుపుకునే దారి ఇంకొకటీ ఉంది. స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్‌లో చాపెల్ వంతెన ఉంది. 14వ శతాబ్దిలో కట్టిన చెక్క వంతెన, నెత్తిన పైకప్పు. వానకు కొయ్య చివికిపోకుండా ఆ కప్పే కాపాడుతుంది. అయినా 1993 ఆగస్టులో ఒక్క రాత్రి మంటల్లో చాలా భాగం కాలిపోయింది. మరుసటి ఏడాది మళ్లీ కట్టుకున్నారు. అక్కడ కొయ్యను దాచారు. బస్తర్‌లో దాచినది పనితనాన్ని: రథం ఏటా కొత్తగా కడతారు కాబట్టి, తండ్రి ఇరుసు చెక్కుతుంటే కొడుకు పక్కనే నిలబడి చూస్తాడు. డ్రాయింగు కాగితం అక్కర్లేదు. (పరీక్ష మాత్రం గట్టిదే, జనం ఎక్కగానే చక్రం కదలాలి.)

లాగే తాళ్లు అడ్డాకు తీగ నారతో పేనుతారు, మనం విస్తళ్లు కుట్టే అడ్డాకే. విజయ రథాన్ని లాగే హక్కు కిలేపాల్ ప్రాంతపు మాడియా గిరిజనులది. విజయదశమి రాత్రి వాళ్లు రథాన్ని ‘దొంగిలించి’ కుమ్హడాకోట్ అడవికి తీసుకుపోతారు. మర్నాడు రాజవంశ వారసుడు అక్కడికి వెళ్లి, వాళ్లతో కలిసి కొత్త బియ్యం తిన్నాకే రథం తిరిగొస్తుంది.

పండుగ 75 రోజులు. అధిక మాసం పడిన 2023లో 107 రోజులు సాగింది. మొదలయ్యేది హరేలీ అమావాస్యనాడు, మన లెక్కలో ఆషాఢ అమావాస్య. ఆ రోజు దంతేశ్వరి గుడి ముందు ఒక దుంగను పెట్టి పూజ చేస్తారు. రథానికి కోసే మొదటి కలప అదే.